రొట్టెకును పాత్రకును నడుమ

ప్రభువు అప్పగింపబడిన రాత్రి, యెరూషలేములోని మేడగదియందు, రొట్టె మొదట విరువబడినది. పాత్ర భోజనానంతరమున అందింపబడినది. అనగా ఆ రెంటికిని నడుమ ఒక నిండు భోజనము జరిగినది. పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో ఈ క్రమము స్పష్టముగనే యున్నను, నోటనుంచుకొన్న రొట్టెముక్క కరగకమునుపే పాత్ర నందుకొనుటకు అలవాటుపడిన మనకు ఆ నడిమి భోజనము స్ఫురణకు రాదు. నెలకొక ఆదివారము వేలిగోరంత ముక్కయు చెంచాడు ద్రాక్షారసమును గైకొని, తలవంచుకొని, ప్రక్కవాని మొగమైనను చూడక స్వస్థానమునకు మరలివచ్చుట మన కాచారమైనది. ఆ మౌనమందలి భక్తిని నేను తక్కువచేయను. మనుష్యుడు తన హృదయమును తాను పరీక్షించుకొనవలసిన గడియయే అది. అయినను ప్రభువు భోజనమను ఈ సంస్కారము వంటకములున్న బల్లయొద్ద, ఒకే పాత్రలో చేతులు ముంచుచున్న ఆప్తుల మధ్య, అప్పగింపబోవువాడును వారిలో ఒకడై కూర్చుండియుండగా స్థాపింపబడినదన్న సంగతిని నేనెన్నడును మరువజాలను. పునరుత్థానానంతరమున సైతము, ఎమ్మాయు త్రోవలో వెంట నడచినవాడెవరో ఆ శిష్యులిద్దరికిని తెలియవచ్చినది భోజనమునకు కూర్చుండి రొట్టె విరుచునప్పుడే గదా!

సుమారు 55వ సంవత్సరమున కొరింథులో ఈ భోజనము చెడిపోయినది. సంఘము కలవారి యిండ్లలో కూడుచుండెను. తీరికగల ధనికులు ముందుగా వచ్చి తాము తెచ్చుకొన్నది తామే తినివేయగా, పగలెల్ల చాకిరి చేసి ఆలస్యముగా వచ్చు దాసులకును కూలివారికిని ఏమియు మిగులకుండెనని పండితులు తలంచుచున్నారు. ఒకడు ఆకలితో నుండ మరియొకడు మత్తుడై యుండెనని మాత్రము పౌలే వ్రాసెను. వారు తినుచున్నది ప్రభువు భోజనమే కాదని ఆయన తేల్చి చెప్పి, కూడివచ్చినపుడు ఒకరికొరకొకరు కనిపెట్టుకొని యుండవలెనని ఆజ్ఞాపించెను. అయోగ్యముగా తినరాదని మన ఉపదేశములలో తరచుగా వినవచ్చు హెచ్చరిక యీ సందర్భములోనిదే. దానిని మనము ఒంటరి పాపములకే అన్వయించి, రెండునెలల క్రిందట పొరుగింటితో మాటపట్టింపు వచ్చిన పాపానికి కన్నీరు కార్చుచు బల్లకు దూరముగా నిలుచు అమాయకురాండ్రను భయపెట్టుచున్నాము. లేనివారిని సిగ్గుపరచుచు తినుటయే అక్కడి అయోగ్యత యన్న మూలార్థమును మాత్రము ప్రసంగవేదికనుండి అరుదుగా వినుచున్నాము. ఇది నాకు మిక్కిలి బాధాకరమైన విషయము.

భోజనమును సంస్కారమును విడివడుట ఒక్కనాటి పని కాదు. సుమారు 112లో బితూనియ పాలకుడైన ప్లీనీ, క్రైస్తవులు తెల్లవారకమునుపు కూడి స్తుతించి విడిపోయి, మరల కూడి సామాన్యమైన ఆహారమును భుజించుచుండిరనియు, తాను కూటములను నిషేధించిన పిదప దానిని మానుకొనిరనియు త్రాజాను చక్రవర్తికి విన్నవించెను. ఆ శతాబ్దాంతమున కార్తేజినగరవాసియైన తెర్తుల్లియను వర్ణించిన ప్రేమవిందు అను సంఘభోజనము ప్రార్థనతో ఆరంభమై, ఆకలి తీరునంతకే పరిమితమై, పేదల కాసరయై, చేతులు కడుగుకొని దీపములు వెలిగించిన మీదట పాటలు పాడి, ప్రార్థనతోనే ముగియుచుండెను. నాలుగవ శతాబ్దమున లవొదికయ సభ దేవాలయములలో ఇట్టి విందులు కూడదన్నది. తరువాత చాలకాలమునకు, 1727లో, జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామమున మొరావియనులు వాటిని మరల చేపట్టిరి. వారినుండి మెథొడిస్టు ఉద్యమ స్థాపకుడైన వెస్లీ గ్రహించెను.

మన తెలుగునేలపై ఈ భోజనమునకు గల బరువు వేరు. ఎవరి సరసన ఎవరు కూర్చుండి తినవలెనో, ఎవరి చేతి నీరు ఎవరికి పనికివచ్చునో తరతరములుగా నిర్ణయింపబడియున్న ఊళ్లలో, ఒకే రొట్టెను విరుచుకొని ఒకే పాత్రనుండి త్రాగుట యెంత సాహసమో పాశ్చాత్యులకు బోధపడుట కష్టము. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్సు వెంట ఇంగ్లండునుండి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో ఆదివారమాదివారము రొట్టె విరుచు వాడుకను నాటిరి. 1912లో అభిషిక్తుడైన దోర్నకల్లు బిషపు అజరయ్యగారు కులభేదములు సంఘములో చొరరాదని జీవితాంతము పాటుపడిరి. పంజాబునుండి వచ్చి, 2000లో కన్నుమూసిన భక్తసింగుగారు హైదరాబాదు హెబ్రోనులో ప్రేమవిందును ఆరాధనకు అంగముగనే నిలిపిరి. అక్కడ జరుగు మహాసభల పందిళ్లలో వేలమంది చాపలపై బారులుతీరి, అధికారియు జీతగాడును మోకాలికి మోకాలు తగులుచు, ఒకే గుండిగలోని అన్నము తినుటను నేను పిల్లవాడనై చూచితిని. అంతకుముందు మా యూరి పెండ్లిండ్లలో అట్టి పంక్తిని చూచి యెరుగను. వేదికపై చెప్పబడిన ప్రసంగములలో ఒక్కటియు నాకు జ్ఞాపకము లేదుగాని, నా విస్తరిలో పప్పు వడ్డించినవాడు మా తాలూకా కచేరిలో కుర్చీవేసికొని కూర్చుండు ఉద్యోగియని తెలిసి మా నాయన మొగమున కలిగిన ఆశ్చర్యము ఇప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది.

మా సంఘమున రొట్టె చేయుట ఇండ్లకు వంతు. మా వంతు వచ్చినపుడు శనివారపు సాయంకాలము ఆ పని నేను చేయుదును. పిండిని రెండుసార్లు జల్లించి, ఉప్పు గాని సోడా గాని చేర్చక, గోరువెచ్చని నీటితో గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి కాసేపుంచి, చపాతీకంటె మందముగా ఒత్తి, పొంగకుండుటకై పుల్లతో నాలుగుచోట్ల పొడిచి, పెనముపై సన్నని సెగను నిదానముగా కాల్చవలెను. మంట హెచ్చినచో పైన మాడి లోపల పచ్చిగా నుండును; నూనెచుక్క తగిలినచో మెత్తబడి, విరుచునపుడు సాగును. విరిచిన చప్పుడు వెనుకవరుసవారికి వినబడవలెనని మా అత్తగారి నియమము. నల్లద్రాక్షలను తొడిమలు తీసి, తోలు చిట్లునంతవరకు ఉడికించి, ఉతికిన తెల్లగుడ్డలో వడగట్టుట ఆమె పని. ఆ గుడ్డ మరక యెన్నటికిని పోదు. దానిని వేరొక పనికి వాడనీయదు. అదే రాత్రి, అదే వంటయింట, మరునాటి విందునకు కందిపప్పు ఏరుటయు, వంకాయలెవరు తెత్తురో, గుండిగ ఎవరింటినుండి రావలెనో తేల్చుకొనుటయు జరుగును. ఒక పని పవిత్రమనియు మరియొకటి ఇంటిచాకిరి యనియు ఆ వంటయింట ఎవరికిని తోచదు.

నడువలేని వారికి బల్లను ఇంటికి గొనిపోవుట సుమారు 155లో హతసాక్షియైన జస్టిను వ్రాసిన కాలమునుండియు ఉన్న వాడుకయే. పక్షవాతముచే మంచము పట్టిన ఒక వృద్ధురాలి యింటికి ఒకనాటి మధ్యాహ్నము మా సంఘపెద్దతో నాలుగైదు కుటుంబములవారము పోయితిమి. కోడలు రొట్టెముక్కను నీట నాన్చి ఆమె నోట పెట్టినది. సంఘపెద్ద పాత్ర నెత్తబోవగా, ఆమె ముద్దమాటలతో, "అందరూ అన్నాలు తిన్నారా?" అని అడిగినది.

"లేదండి మామ్మగారూ, ఇది అయ్యాక ఇక్కడే తింటామండి. మీ కోడలుగారు వండారు."

"పిల్లలు ఆకలితో ఉన్నారయ్యా. ముందు వాళ్లకి పెట్టండి. అది ఎక్కడికీ పోదు."

పెద్ద ఒక క్షణమాగి పాత్రపై గుడ్డ కప్పెను. ఆ మంచముచుట్టును మేమందరము కూర్చుండి అన్నము, చింతకాయపచ్చడి, చేపలపులుసు తింటిమి. ఆమె మనుమరాలి భర్త బాప్తిస్మము పొందినవాడు కాడు, ఆంజనేయస్వామి భక్తుడు. రొట్టె వచ్చినపుడు మర్యాదగా అరుగుమీద కూర్చుండినవాడు, భోజనమునకు లోనికి వచ్చి మామ్మగారికి తానే ముద్దలు కలిపి పెట్టెను. చేతులు కడుగుకొన్న మీదట సంఘపెద్ద పాత్రను దీవించెను. ప్రాచీనమైన ఆ క్రమము అట్లు తనంతట తాను మా నడుమకు వచ్చినది.

నాటినుండియు నాకొక తలంపు బలపడుచున్నది. బల్లకు హద్దున్నది; ఉండుట న్యాయమే, అది విశ్వాసుల నిబంధన గనుక. భోజనమునకు హద్దు లేదు. బాప్తిస్మము పొందని అల్లుడును, ఊహ తెలియని బిడ్డయు, ఇరుగుపొరుగును, అలిగిపోయి తిరిగివచ్చిన తమ్ముడును కూర్చుండదగిన చోటు ఆ నడిమి భోజనమే. దానిని తీసివేసినచో మన ప్రియులలో సగముమందికి మిగులునది హద్దు మాత్రమే. 2020లో దేవాలయములు మూతపడినపుడు అనేకులు తమ భోజనపుబల్లలపైనే రొట్టెను ద్రాక్షారసమును పెట్టుకొని, ఫోనులో పాదిరిగారి ప్రార్థన వినుచు సంస్కారము గైకొనిరి. అది సరియైనదా కాదా యన్న చర్చ చాల జరిగినది. నాకు తోచిన లోటొక్కటే: ప్రతి యింటివారును తమవారితో మాత్రమే తినిరి, కొరింథులో పౌలు కోపించినది తమ తమ భోజనము తాము తినువారిపైననే.

మా యూర నాట్ల దినములలో ఆదివారమైనను పని ఆగదు. ఊడ్పుకు పోయిన స్త్రీలు కాళ్లు కడుగుకొని వచ్చునప్పటికి ప్రొద్దు వాలును. ఒకప్పుడు వారికి చల్లారిన అన్నమును, మిగిలిన ముక్కయు దొరకుచుండెను. ఇప్పుడు ఆ వారములలో ఆరాధనను సాయంకాలమునకు మార్చి, వారు వచ్చువరకు రొట్టె విరువక, మొదటి పంక్తిని వారికే విడుచుచున్నారు. హైదరాబాదులోని సంఘములలో రాత్రిడ్యూటీ దిగి వచ్చు నర్సులును, ఆదివారపు సెలవు లేని కాపలావారును చాలమంది యున్నారు. వారి వేళలు కనుగొని, నెలకొక్కసారియైనను ఆరాధనవేళను వారికనుకూలముగా మార్చి, పొయ్యి వెలిగింపుడని అక్కడి పెద్దలను వేడుకొనుచున్నాను.