నాన్న నేర్పిన అబద్ధాలు

చీకటి నవలలంటే ఇష్టమంటే మా ఇంట్లోవాళ్లు అనుమానంగా చూస్తారు. ఇయాన్ బ్యాంక్స్ రాసిన ‘ద వాస్ప్ ఫ్యాక్టరీ’ కథ చెబితే ఆ అనుమానం ఖాయమైపోతుంది. స్కాట్లాండ్ తీరాన ఓ చిన్న దీవి, అందులో తండ్రీ, పదహారేళ్ల ఫ్రాంక్. పదేళ్లు నిండకముందే ఫ్రాంక్ ముగ్గురు పిల్లల్ని చంపాడు. ఆ సంగతి పెరటి పనుల గురించి చెప్పినంత తాపీగా తనే చెబుతాడు. పిచ్చాసుపత్రి నుంచి పారిపోయిన అన్న ఎరిక్ దారి పొడుగునా ఫోన్లు చేస్తూ ఇంటివైపు వస్తుంటాడు.

1984లో నవల వచ్చినప్పుడు కొందరు సమీక్షకులు దుమ్మెత్తిపోశారు. ప్రచురణకర్తలేం తక్కువ తినలేదు. పేపర్‌బ్యాక్‌లో మెప్పుల పక్కనే ఆ తిట్లనీ అచ్చేశారు.

రక్తపాతం కోసమైతే నేను ఈ పుస్తకం రెండోసారి తెరిచేవాణ్ణి కాదు. జంతువుల్ని హింసించే పేజీలు ఇప్పటికీ గబగబా తిప్పేస్తాను. నన్ను లాగేది ఆ తండ్రి. మనిషికి కొలతల పిచ్చి. ఇంట్లో సామాను కొలిచి చీటీలు అంటించాడు, చిన్నప్పుడు కొడుకు అవన్నీ ఒప్పజెప్పాల్సిందే. పిల్లవాడు పుట్టినట్టు సర్కారు లెక్కల్లోనే లేదు. బడి లేదు, ఇంట్లో ఆయనే గురువు. సరదా పుడితే అబద్ధాలు కూడా నేర్పేవాడు. ‘పేథోస్’ అంటే కరుణరసం కాదట, ముగ్గురు మస్కిటీర్లలో ఒకడట! ‘విట్రియస్’ చైనాలో ఓ ఊరట! ఫ్రాంక్ ఏళ్ల తరబడి నమ్మాడు. పై అరలు అందేంత ఎదిగి, ఊళ్లో లైబ్రరీకి నడిచి వెళ్లగలిగాక గానీ సరిచూసుకోలేకపోయాడు.

మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ నవ్వొస్తుంది. చివరి అధ్యాయం తెలిశాక మళ్లీ చదివితే ఒళ్లు జలదరిస్తుంది. తండ్రి గదికి ఎప్పుడూ తాళమే. మనం ఆ తాళం వైపే చూస్తుంటే, బ్యాంక్స్ అసలు సంగతికి ఆనవాలు ఈ సరదా పేరాలో ఎదురుగానే పెట్టేశాడు. రహస్యమేమిటో మాత్రం చెప్పను, చదవబోయేవాళ్ల ఉసురు నాకెందుకు?

స్కాటిష్ నవలకు ఈ చీకటి దారి కొత్త కాదు. పల్లెలనిండా ఆప్యాయతలే అని రాసే కథలు రాజ్యమేలుతుండగా, 1901లో జార్జ్ డగ్లస్ బ్రౌన్ ‘ద హౌస్ విత్ ద గ్రీన్ షటర్స్’లో కొడుకు చేతిలో తండ్రి చచ్చే ఇల్లు చూపించాడు.

ఇంత చీకటి వద్దనుకుంటే బ్యాంక్స్‌దే 1992 నవల ‘ద క్రో రోడ్’ ఉంది. అందులోనూ బాబాయి మాయమవుతాడు, ఇంట్లో ఏదో దాస్తారు. కానీ నవల మొదలవుతూనే దహనశాలలో నాయనమ్మ శవం పేలుతుంది, పేస్‌మేకర్ తీయడం మరిచారు మరి!