పద్యనాటకానికి బడి, బడికి పద్యనాటకం

తెలుగు ఆధునిక రంగస్థలానికి పురుడు పోసింది ఒక ఉపాధ్యాయుడు, ఆయన శిష్యులు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్ళాక, కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులను కూడగట్టి నాటకం ఆడించారు. ఆ తర్వాత కూడా బడికీ నాటకానికీ చుట్టరికం కొనసాగింది. ఇమ్మనేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఒంగోలులో టంగుటూరి ప్రకాశం అనే పేదింటి పిల్లవాణ్ణి చేరదీశారు. రాజమండ్రి తీసుకెళ్ళి చదివిస్తూనే నాటకాల్లో వేషాలు కట్టించారు. ఆ పిల్లవాడే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ‘పాండవోద్యోగ విజయాలు’ రాసిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులు.

ఇంతటి వారసత్వం ఉన్న మన హైస్కూళ్ళలో ఇవాళ నాటకం వార్షికోత్సవం రాత్రికి పరిమితమైపోయింది. గట్టి గొంతున్న ఒక పిల్లవాడు దుర్యోధన ఏకపాత్ర వేస్తాడు, చప్పట్లు కొడతారు, అంతటితో సరి. మిగతా పిల్లలంతా ప్రేక్షకులే. అదే సమయంలో తెలుగు తరగతిలో పద్యం కంఠస్థం చేయాల్సిన బరువై కూర్చుంది. ఈ రెంటినీ కలిపితే రెండూ బతుకుతాయని నా గట్టి నమ్మకం. పద్యనాటక నటులు తరతరాలుగా సాధన చేస్తూ వచ్చిన పద్ధతిలోనే ఒక చక్కటి బోధనా పద్ధతి ఉంది.

ముందు అర్థం, తర్వాతే రాగం

‘పాండవోద్యోగ విజయాల్లో’ అందరికీ తెలిసిన పడక సీనునే తీసుకుందాం. యుద్ధానికి సాయం కోరి దుర్యోధనుడు, అర్జునుడు ద్వారకకు వస్తారు. నిద్ర నటిస్తున్న కృష్ణుడు లేచి ఇద్దరినీ క్షేమసమాచారాలు అడుగుతాడు. అర్జునుణ్ణి అడిగేది ఉత్పలమాల, దుర్యోధనుణ్ణి అడిగేది శార్దూలం. పల్లెల్లో ఈ రెండు పద్యాలూ నోటికి రానివాళ్ళు ఒకప్పుడు అరుదు.

మంచి నాటక గురువు ఈ పద్యాలను పాడించడంతో మొదలుపెట్టడు. ముందు సంధులు విడదీయిస్తాడు. కర్త ఏది, క్రియ ఏది అని అడుగుతాడు. అన్వయం కుదిరాక, అదే మాట మీ ఇంట్లో ఎలా అడుగుతారో చెప్పమంటాడు. శ్రీకాకుళం పిల్ల తన యాసలో, కడప పిల్లవాడు తన యాసలో, వరంగల్ పిల్ల తన యాసలో కృష్ణుడి పలకరింపును చెప్పి చూపాలి. అక్కడినుంచి తిరిగి పద్యంలోకి వస్తే, మాటలు పరాయివిగా అనిపించవు.

అప్పుడు పిల్లలకు అసలు రహస్యం తెలుస్తుంది. దుర్యోధనుణ్ణి అడిగేటప్పుడు కృష్ణుడు తమ్ముల తర్వాత కర్ణుణ్ణి, భీష్ముణ్ణి, ద్రోణుణ్ణి తలుచుకుంటాడు. చూడ్డానికి అది బంధుప్రీతి. నిజానికి అది రేపు కౌరవపక్షాన నిలబడబోయే వీరుల జాబితా. అర్జునుణ్ణి అడిగేటప్పుడు మాత్రం భీముడు అన్న మాట జవదాటకుండా శాంతంగా ఉన్నాడా అని ఆరా తీస్తాడు. అంటే ఆ ఇంట్లో కట్టుబాటు చెదరలేదు కదా అని కనుక్కోవడం. మర్యాద మాటల వెనక రెండు శిబిరాల బలాబలాలూ తూచుతున్నాడన్నమాట. ఈ సంగతి గురువు చెప్పకముందే ఒక పిల్ల లేచి చెప్పగలిగితే, ప్రతిపదార్థం ఇవ్వలేని చదువు ఆ పిల్లకు అందినట్టే.

ఛందస్సు కూడా ఇక్కడే ఒంటబడుతుంది. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, 13వది యతిస్థానం. ఉత్పలమాలలో 20 అక్షరాలు, యతి 10వ చోట. కానీ భావం ప్రతిసారీ పాదం చివరే ఆగదు. పాదం చివర అలవాటుగా ఆగితే మాట విరిగిపోతుంది. భావం ఆగినచోట ఆగి, యతిని చెవికి తెలిసేలా కాస్త ఒత్తి, మధ్యలో ఎవరికీ వినబడకుండా చిన్న ఊపిరి తీసుకోవడం నటుడి సాధన. గణాలు పలకమీద గుర్తించడం కన్నా ఇది కష్టం, ఇదే ఎక్కువకాలం నిలుస్తుంది.

ఎవరు ఎక్కడ కూర్చున్నారు?

పడక సీను కథంతా కూర్చున్న చోటులోనే ఉంది. ముందొచ్చిన దుర్యోధనుడు తలవైపు ఆసనం మీద కూర్చున్నాడు. తర్వాత వచ్చిన అర్జునుడు కాళ్ళ దగ్గర నిలిచాడు. కళ్ళు తెరిచినవాడికి ముందు కనబడేది కాళ్ళ దగ్గరివాడే. అందుకే మొదట ఒక్క మాటా లేకుండా ఈ ఘట్టాన్ని ఆడించాలి. రెండు బెంచీలు కలిపితే మంచం, ఒక కుర్చీ చాలు. దుర్యోధనుడు కుర్చీని ఎలా చూసి కూర్చుంటాడు? అర్జునుడి చేతులు ఎక్కడుంటాయి? ఇద్దరి చోట్లూ తారుమారు చేస్తే కథ ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు పిల్లలు నోటితో కాకుండా ఒంటితో జవాబు చెబుతారు.

అన్నింటికన్నా కష్టమైన వేషం పడుకున్న కృష్ణుడిది. కళ్ళు మూసుకునే అన్నీ వినాలి. తన వంతు మాట రాకముందు కూడా పాత్రలో ఉండడం, అవతలివాడు చెప్పేది నిజంగా వినడం అక్కడ నేర్చుకుంటారు.

గొంతు సంగతి

ఎనిమిది నుంచి పది తరగతుల మధ్య మగపిల్లల గొంతు మారుతుంది. నిరుడు అందిన శ్రుతి ఈ ఏడు అందదు. పెద్ద నటుల రికార్డులు వినిపించి ఆ స్థాయిలో పాడమంటే గొంతు పాడవుతుంది, బిడియం మిగులుతుంది. హార్మోనియం ఉంటే ఎవరి శ్రుతి వారికి చూసి పెట్టాలి. లేకపోతే పద్యాన్ని మాటలా చెప్పించి, మెల్లగా రాగం వైపు నడిపించాలి. మోహనో, కల్యాణో, రాగం పద్యానికి దన్నుగా ఉండాలి. వన్స్‌మోర్‌ల కోసం సాగదీసే ఆలాపనలో మాట మునిగిపోతుందన్న విమర్శ మన నాటకరంగంలో పాతదే. బడిలో ఒక పరీక్ష పెట్టుకుంటే చాలు: చివరి బెంచీలో కూర్చున్నవాళ్ళకు ప్రతి ఒత్తూ వినబడాలి, పద్యం అయ్యాక వాళ్ళు దాని భావం చెప్పగలగాలి.

అందరికీ వేషం

రాత్రంతా సాగే ప్రదర్శనల్లో ఒకే కృష్ణుడు ఉండేవాడు కాదు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ అంకానికొకరు వేషం కట్టేవారు. నలభై మంది ఉన్న తరగతికి ఇంతకన్నా అనువైన ఆచారం లేదు. పద్యానికొక కృష్ణుడు, పద్యానికొక దుర్యోధనుడు రావచ్చు. ఆడపిల్లలు దుర్యోధన పాత్ర వేయడానికి సందేహం అక్కర్లేదు. సత్యభామగా, మధురవాణిగా తెలుగునాడును మెప్పించి 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు పురుషుడే కదా! తెర లాగడం, ప్రాంప్టింగ్, కిరీటానికి అట్ట కత్తిరించడం కూడా నాటకమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి సమాజాల్లో పిల్లలు తెర వెనక తిరుగుతూనే కళ నేర్చుకున్నారు.

పౌరాణికంతోనే ఆగిపోవాలని నేననను. పద్యం పట్టుబడ్డ పిల్లలకు మరుసటి ఏడు ‘కన్యాశుల్కం’ ఇవ్వాలి. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ఆ నాటకంలో వాడుకమాటే ఛందస్సంత కచ్చితంగా పలకాలి. పద్యం దగ్గర ఊపిరి నేర్చినవాళ్ళకే ఆ వచనం పట్టు తెలుస్తుంది.

సిలబస్‌లో చోటేదీ అని అడిగేవారికి ఒక మాట. పదో తరగతి దాకా సంగీతం, నృత్యం, చిత్రకళలతో పాటు నాటకాన్నీ పాఠ్యాంశంగా నేర్పాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. వారానికి ఒక పీరియడు, ఏడాదికి ఒక్క ఘట్టం చాలు. అద్దె దుస్తులూ లైట్లూ లేకుండా, పగటిపూట, బడి ఆవరణలోనే ఆడవచ్చు. దానికి బహుమతులు పెట్టవద్దు, పోటీ పెట్టవద్దు. తరగతిలో ప్రతి ఒక్కరూ కనీసం ఒక పద్యం అర్థమై చెప్పారా అన్నదే లెక్క. తెలుగు మాస్టార్లు, టీచరమ్మలు ఈ జూన్ నుంచే మొదలుపెట్టవచ్చు. దీనికి కావలసిన గ్రంథం, గొంతులు, చెట్టునీడ ప్రతి బడిలోనూ ఉన్నాయి.