పన్నెండో నిమిషం దగ్గర వినండి

కర్ణాటక సంగీతం పిచ్చి ఉన్నవాళ్లు ఇద్దరు ఎక్కడ తారసపడినా, అది పెళ్లి పందిరైనా సరే, రెండో మాటగా వచ్చేది "ఈమధ్య ఏం వింటున్నారు?" అన్నదే. జవాబుగా ఒక విద్వాంసుడి పేరు చెప్పి ఊరుకుంటే అడిగినాయన ఒప్పుకోడు. ఏ రాగం, ఏ ఏటి కచేరీ, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఆలాపన ఎంతసేపు సాగింది, ఇవన్నీ కావాలి. చివరికి అసలు మాట వస్తుంది: "పన్నెండో నిమిషం దగ్గర వినండి. పై షడ్జం అందుకుంటారనుకుంటాం, అందుకోరు. నిషాదం దగ్గరే తచ్చాడతారు." ఆ రాత్రి ఈయన ఇంటికెళ్లి, సరిగ్గా ఆ చోటు వెతుక్కుని వింటాడు. మర్నాడు ఫోన్ చేసి ఔననో, కాదనో అంటాడు.

పాడటానికి గురువు ఉంటాడు, సరళి వరసలు, జంట వరసలు ఉంటాయి. విజయనగరంలో 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. వినేవాళ్లకు మాత్రం కళాశాల ఎవరూ పెట్టలేదు. వినడం అంటే చెవులున్న ప్రతివాడికీ వచ్చే పనే కదా అనుకున్నారేమో. అది నిజం కాదని కచేరీకి కొత్తగా వెళ్లినవాడికి అరగంటలో తెలుస్తుంది. చుట్టూ అందరూ ఒకేసారి తల ఊపుతారు. తనకు ఎందుకో అర్థం కాదు. ఆ ఎందుకో చెప్పేది పక్క కుర్చీలో మనిషే. వినేవాళ్లను వినేవాళ్లే తయారుచేస్తూ వచ్చారు, ఇలా ఒకరికొకరు చోటు చూపించుకుంటూ.

వాళ్లు ముందుగా చూపించేది రాగం పోల్చుకోవడం. కొత్తవాడు స్వరాలు లెక్కపెట్టబోతాడు: గాంధారం ఏది, మధ్యమం ఏది, 72 మేళకర్తల్లో ఇది ఎన్నోది అని. ఆ లెక్క తేలేలోపు ఆలాపన అయిపోతుంది. పైగా లెక్క తేలినా లాభం లేని చోట్లున్నాయి. ఆరభినీ దేవగాంధారినీ తీసుకోండి. రెండూ ధీరశంకరాభరణం పిల్లలే. ఎక్కేటప్పుడు రెండింటికీ స రి మ ప ద స, దిగేటప్పుడు ఏడు స్వరాలూ. కాగితం మీద రాస్తే రెంటికీ తేడా కనిపించదు. కానీ కవల పిల్లల తల్లికి నడక చూస్తే చాలు, మొహం చూడనక్కర్లేదు. ఆరభి చురుగ్గా నడుస్తుంది. గాంధార నిషాదాలను అలా తాకి వదిలేస్తుంది. దేవగాంధారికి తొందర లేదు. రిషభం మీద ఊగుతుంది, దిగేటప్పుడు సాగదీస్తుంది. దర్బారు, నాయకి జంటదీ ఇదే కథ. దర్బారులో నిషాదాలూ గాంధారాలూ జంటలుగా పడి ఒక గాంభీర్యం తెస్తాయి. నాయకి ఆ దారిలోనే నెమ్మదిగా, బరువుగా వెళుతుంది. పాడేవాళ్లు కూడా ఏమరుపాటున ఒకదానిలోంచి మరోదానిలోకి జారిపోయే చోటు ఇది. వెనక వరసలో పెద్దాయన ఎవరైనా చిన్నగా దగ్గితే అందుకే అని ఊహించవచ్చు.

మరి పోల్చుకోవడం ఎలా? రసికులు ఒకరికొకరు చెప్పుకునే ఉపాయం చాలా సులువైనది. రాగానికొక కీర్తన గుండెల్లో పెట్టుకోవాలి. ఆలాపన వినిపిస్తున్నప్పుడు ఆ కీర్తన పల్లవిని లోలోపల పాడి చూడాలి. అతికిందా, అదే రాగం. అతకలేదా, పక్క రాగానికి వెళ్లాలి. సహాన, బేగడ, ఆనందభైరవి, రీతిగౌళ లాంటి రాగాలకు ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. ఒక్క పలుకుతో పట్టుబడతాయి. కీర్తనలు రానివాళ్లు సినిమా పాటలతో సరిచూసుకుంటారు. పెద్దవాళ్లు కొందరు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, నాకైతే అందులో తప్పేమీ కనిపించదు. 1980లో వచ్చిన 'శంకరాభరణం' తర్వాత ఎన్ని ఇళ్లలో రాగాల పేర్లు నోటికొచ్చాయో అందరికీ తెలుసు. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. సినిమా పాట రాగానికి కట్టుబడి ఉండాలని నియమం లేదు. చరణంలో పరాయి స్వరం వచ్చి కూర్చుంటుంది. పల్లవి వరకే నమ్మడం మంచిది.

రాగాన్ని ఇంత పట్టించుకునే శ్రోతలు లేకపోతే, తంజావూరు సీమలో శంకరాభరణం నరసయ్య కథ పుట్టేదే కాదు. ఆయనకు డబ్బు అవసరమై, కపిస్థలం జమీందారు మూపనార్ దగ్గర శంకరాభరణ రాగాన్ని తాకట్టు పెట్టాడట. అప్పు తీరేదాకా ఆ రాగం పాడకూడదని షరతు. తర్వాత కుంభకోణంలో ఒక పెద్దింటి పెళ్లిలో ఆయన్ను పాడమంటే విషయం బయటపడింది. ఆ ఇంటి యజమాని అప్పు కట్టించి రాగాన్ని విడిపించాడు. ఈ కథ వింటే నాకు గాయకుడి కన్నా శ్రోతల మీదే ఆశ్చర్యం. తాకట్టు కొట్టులో విలువ కట్టేంతగా ఒక మనిషి పాడే ఒక్క రాగం మీద ఊరంతా ఆశ పెట్టుకుంది.

ఇక తాళం. సభలో తొడ మీద పడే చేతులు ఊరికే పడవు. ఆది తాళానికి ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు: మొత్తం ఎనిమిది అక్షరాలు. రెండు కళల చౌకంలో ఒక్కొక్కటి రెండేసి సార్లు. మిశ్రచాపుకు ఏడు, మూడూ నాలుగుగా విరిగి. ఇవి చేతికి వచ్చేస్తే ఇల్లు ఊడుస్తూ కూడా వేయవచ్చు. అసలు సంగతి ఎత్తుగడలో ఉంది. పాట తాళం మొదటి దెబ్బ మీదే మొదలవ్వాలని లేదు. అర అక్షరం దాటాక రావచ్చు. త్యాగరాజస్వామి దేశాది కీర్తనలను ఇప్పుడు ఆది తాళంలో వేసుకుని, ఒకటిన్నర అక్షరం దాటాక ఎత్తుకుంటారు. ఆ ఖాళీని చెయ్యి గుర్తుపెట్టుకోవాలి.

కల్పనస్వరాలు అసలు రుచినిచ్చేది ఇది తెలిసినవాళ్లకే. గాయకుడు ఒక ఆవర్తం, రెండు, నాలుగు, ఎనిమిది ఆవర్తాలు స్వరాలు అల్లుకుంటూ పోతాడు. ఎంత దూరం వెళ్లినా చివరికి ఆ ఎత్తుగడ చోటికి, కొంచెం ముందూ కాదు వెనకా కాదు, చేరాలి. తాళం వేస్తూ వినేవాడికి ఆ చివరి ఆవర్తంలో గుండె వేగం పెరుగుతుంది. లెక్క ఎలా కట్టాడు? ఐదులుగా విరిచాడా, ఏడులుగానా? పల్లవి అందుకున్న క్షణాన సభలో లేచే 'ఆహా'లో సగం మెప్పు, సగం గండం గడిచిందన్న నిట్టూర్పు. తాళం వేయనివాడికి ఇందులో వేగం ఒక్కటే వినిపిస్తుంది. తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచిపోయేవాళ్లంతా వీళ్లేనని మృదంగ విద్వాంసుల చిరకాల ఫిర్యాదు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కాకపోతే లేచిపోయినవాడికి చెయ్యి పట్టుకుని తాళం చూపించినవాళ్లు లేకపోయారు.

కొంత దూరం వచ్చాక రసికుడు ఒకే కీర్తనను నలుగురి దగ్గర వినడం మొదలుపెడతాడు. పాఠాంతరం అనే మాటకు అర్థం అప్పుడు తెలుస్తుంది. ఒకరి సంగతులు మరొకరికి ఉండవు, ఒకరు చౌకంగా పాడింది మరొకరు మధ్యమ కాలంలో పాడతారు. కొన్నిచోట్ల రాగమే మారుతుంది. 'నగుమోము' ఆభేరి కీర్తన అని అందరికీ తెలుసు. ఇవాళ దాన్ని చతుశ్రుతి ధైవతంతో పాడుతున్నారు. పాత ఆభేరి శుద్ధ ధైవతంతో నడిచేది. దీక్షితర్ సంప్రదాయంలో ఇప్పటికీ అలాగే ఉంది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినిపించి "ఏది ఆభేరి?" అని అడిగితే చాలు, ఆ సాయంత్రానికి కాలక్షేపం కుదిరినట్టే. తేల్చేది ఏమీ ఉండదు. కానీ ఆ వాదన అయ్యాక ధైవతం అంటే ఏమిటో జన్మలో మర్చిపోరు.

ఇలా పక్కపక్కన పెట్టి వినడం రికార్డులు వచ్చాకే సాధ్యమైంది. అంతకుముందు కచేరీ గాలిలో కలిసిపోయేది, జ్ఞాపకమే రికార్డు. మద్రాసు జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వీణ వినడానికి పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చి కింద కూర్చునేవారు. అక్కడ మాట్లాడకూడదు, అలికిడి చేయకూడదు. ఒక్కసారి విని తీసుకుపోగలిగినంతే దక్కేది. తర్వాత నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను రికార్డు వచ్చింది గానీ, ఒక పక్క మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. దాంట్లో ఇమడటానికి ఆలాపన కత్తిరించాలి, సంగతులు తగ్గించాలి. విచిత్రంగా, ఆ ఇరుకులోనే కొందరు ముత్యాల్లాంటి ముక్కలు పాడారు. గంట కచేరీ కన్నా ఆ మూడు నిమిషాలు నయమని నాకు చాలాసార్లు అనిపిస్తుంది, పైకి అంటే పెద్దవాళ్లు కోప్పడతారు గానీ.

తెలుగువాళ్ల చెవులను సాగదీసింది రేడియో. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 1952 నుంచి శనివారం రాత్రుళ్లు ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం. రేడియో లేని ఇళ్లవాళ్లు రేడియో ఉన్న ఇంటి అరుగు మీద చేరేవారు. ఆ తర్వాత స్పూలు టేపులు, ఆపైన క్యాసెట్లు. అరవై నిమిషాల క్యాసెట్ ఒక పక్క ముప్పై నిమిషాలకు టప్పుమని ఆగిపోయేది. సరిగ్గా రాగం తానం పల్లవి మధ్యలో. ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకున్నకొద్దీ 'సుయ్' మనే చప్పుడు పెరిగేది. వోలేటి వెంకటేశ్వర్లు గారి పాట ఎక్కువమందికి అందింది అలాంటి టేపుల్లోంచే. క్యాసెట్ అట్ట మీద చిన్న అక్షరాలతో రాగం, తాళం, పక్కవాద్యాలు రాసి ఉండేవి. కొందరు మార్జిన్లో ఒక చుక్క కూడా పెట్టేవారు: ఇక్కడ జాగ్రత్తగా విను అని.

ఇప్పుడు కొరత లేదు. ఫోనులో రోజూ నాలుగు లింకులు వస్తాయి, కింద రెండు దణ్ణాలు. అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు, నేనూ పంపుతాను. కానీ రెండున్నర గంటల కచేరీని ఒక్క మాటా రాయకుండా పంపితే అవతలివాడు ఏం చేస్తాడు? మొదటి వర్ణం కాసేపు విని ఊరుకుంటాడు. దాంతోపాటు ఒక్క వాక్యం రాసి పంపితే చాలు. గంటా ఇరవై నిమిషాల దగ్గర నెరవల్ మొదలవుతుంది, ఒకే పాదాన్ని ఎన్ని దారుల్లో తిప్పినా మాట ఎక్కడా విరగదు, గమనించండి అని. త్యాగయ్య మన భాషలో రాశాడు కనుక, మాట విరిగిందో లేదో చెప్పగలిగే మొదటి శ్రోత తెలుగువాడే. ఆ సౌలభ్యం మద్రాసు రసికులకు లేదు. దాన్ని మనం అంతగా వాడుకోవడం లేదని నా అభిప్రాయం.

విని ఎంత దూరం పోవచ్చో శ్రీపాద పినాకపాణి గారు చూపించారు. వృత్తికి వైద్యుడు. తంజావూరు బాణీని చెవితో పట్టి, స్వరపరిచి, తెలుగు నేలకు తెచ్చారు. ఆయన 'సంగీత సౌరభం' నాలుగు సంపుటాలను తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించింది. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి, నూకల చినసత్యనారాయణ ఆయన శిష్యులు. గమకాలతో సహా రాసిన ఆ స్వరలిపి చూస్తే, ఆ చెవి ఎంత సన్నటి సంగతిని పట్టుకునేదో తెలుస్తుంది.

ఇంతా చెప్పి నేను ఏం వింటున్నానో చెప్పకపోతే బాగుండదు. ఈ వారమంతా రాజరత్నం పిళ్లై నాదస్వరం మీద వాయించిన తోడి. పాత రికార్డు, గరగరలు ఉంటాయి, అలవాటవుతుంది. తోడి ఎనిమిదో మేళం, సంపూర్ణ రాగమే. పంచమానికి అడ్డేమీ లేదు. అయినా తోడి వాయించేవాళ్లు దాన్ని దాటేసి, గాంధారం, మధ్యమం నుంచి నేరుగా ధైవతం మీదికి వెళ్లడానికి ఇష్టపడతారు. ముందు ఒకసారి ఊరికే వినండి. రెండోసారి శ్రుతి మీద ఒక చెవి వేసి, ఆయన పంచమం మీద ఎన్నిసార్లు నిలబడ్డారో లెక్కపెట్టండి. మీ లెక్క ఎంత వచ్చిందో నాకు చెప్పండి. నాది ప్రతిసారీ మారుతోంది.