చదువరిని సంపాదించుట

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో ఊరి చరిత్రమునో, గుడి శాసనములనో, చిన్ననాటి ముచ్చటలనో బ్లాగుగా వ్రాసికొనుచున్న మిత్రులు కొందఱు నాకు కలరు. వారితో కూర్చున్నప్పుడెల్ల సంభాషణ ఎక్కడ మొదలైనను తుదకు వచ్చి ఆగునది ఒక్కచోటనే: "రాసేది రాస్తున్నాం సరే, చదివేదెవరు?" చదువరి కావలెనన్న మొదట మనము పదుగురకు చదువరులము కావలెనని నేననగా, ఉపాయమడిగిన వేదాంతము చెప్పుచున్నావని నన్ను పరిహసించిరి. ఇందు వేదాంతమేమియు లేదు. తెలుగు బ్లాగులు పుట్టి పెరిగిన విధమే అది.

2006 ప్రాంతమున తెలుగులో బ్లాగు పెట్టుటయన్నది, ఇప్పటి పిల్లలు నమ్మరు గాని, కొంత పట్టుదల కావలసిన పని. అక్షరమొకచోట, ఒత్తొకచోట విడివిడిగా తెరపై పడుచుండెడి ఆ దినములలో, వీవెన్ అను పేరున అందఱెఱిగిన సాంకేతికుడు, ఇంగ్లీషు మీటలు నొక్కిన తెలుగక్షరములు వచ్చెడి 'లేఖిని'ని, ఎక్కడెక్కడనో చెదరియున్న బ్లాగుల కొత్త టపాలన్నిటిని ఒక్క పుటపై వరుసగా చూపెడి 'కూడలి'ని కల్పించి యుండనిచో, నేడు మనము మాటలాడుకొనుటకు ఈ విషయమే ఉండెడిది కాదు. ప్రొద్దుననే కూడలి తెరచుట, రాత్రి ఎవరేమి వ్రాసిరో చూచుట, నచ్చినదాని క్రింద వ్యాఖ్య యొకటి పెట్టుట అప్పటి బ్లాగరుల నిత్యకృత్యము. కిటుకంతయు ఆ వ్యాఖ్యయందే యున్నది. వ్యాఖ్యపై కనబడు పేరును నొక్కినచో దానిని వ్రాసినవాని బ్లాగు తెరచుకొనును. కావున డల్లాసులోని ఇంజనీరు పెట్టిన టపా క్రింద గిద్దలూరు ఉపాధ్యాయుడొకడు సారమున్న మాటలు రెండు వ్రాసినచో, ఆ మాటల రుచి తెలిసినవారు తామై ఆ ఉపాధ్యాయుని గుమ్మము త్రొక్కెడివారు. తన బ్లాగును గూర్చి ఆయన నోరు విప్పనక్కఱయే లేదు.

'తెలుగుబ్లాగు' అను గూగుల్ గుంపులో ఒకరి సందేహములు మఱియొకరు తీర్చుట, హైదరాబాదు కృష్ణకాంత్ పార్కులో నెలకొకమారు కలిసికొనుట, డిసెంబరు రెండవ ఆదివారమును తెలుగు బ్లాగుల దినముగా జరుపుకొనుట, పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు సంస్థవారి స్టాలున నిలుచుండి వచ్చినవారికెల్ల కంప్యూటరులో తెలుగెట్లు వ్రాయవచ్చునో చూపుట, ఇవన్నియు ఆనాటి పరిచయములకు దారులే. ఆ లోకము స్వర్గమని నేననను. "చాలా బాగుంది" అను రెండు మాటలతో బాకీ తీర్చుకొనువారును, అజ్ఞాతలుగా వచ్చి కయ్యము పెట్టి పోవువారును అప్పుడును కలరు. అయినను చదువరుల సంఖ్య ఎంత స్వల్పమైనను, చదువుట మాత్రము నిజముగా జరిగెడిది.

బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చేర్చి చదివించెడి గూగుల్ రీడరు 2013 జూలైలో మూతపడినది. మఱుసటి యేడు సెప్టెంబరున ఆర్కుట్ పోయినది. 2019 ఏప్రిలున గూగుల్ ప్లస్ పోయినది. పెట్టిన అంగడులన్నియు ఒకదాని వెనుక నొకటి మూతపడుచుండగా బ్లాగరులలో పెక్కుండ్రు ఫేస్‌బుక్కునకు తరలిరి. అచట వేలకొలది స్నేహితులను కూర్చుకొనుట సులభము. వారిలో టపా తెరచువారెందఱని లెక్కించుకొనుట కష్టము, కొంత మనస్తాపకరము కూడ. లైకు చదివినదానికి రుజువు కాదు, లింకు తెరవకయే కొట్టవచ్చును. 2018 జనవరిలో ఫేస్‌బుక్కు, సంస్థల పుటలనుండి వచ్చు సరకుకంటె బంధుమిత్రుల నడుమ మాటలు పుట్టించు వాటికే ఇక ముందుచోటు ఇత్తుమని ప్రకటించినప్పుడు, తమ బ్లాగు పేర పుటలు తెరచి కూర్చున్న మిత్రులు అన్యాయమని వాపోయిరి. నాకు మాత్రము, యంత్రము తన లాభమునకై చేసినదైనను, పాత కూడలి నీతికే తిరిగి వచ్చినట్లు తోచినది. డబ్బిచ్చి టపాలను 'బూస్టు' చేయించుట, 'నీవు నన్ను ఫాలో చేయుము, నేను నిన్ను చేసెద'నను ఒప్పందములు మొదలగువానిని గూర్చి చెప్పదగినదేమియు లేదు. వానివలన అంకెలు పెరుగును, అంతియే.

2016 సెప్టెంబరున జియో వచ్చి డేటా చౌకయైన పిదప మా పల్లెలకు అంతర్జాలమనగా వాట్సాపే అయినది. పదవతరగతి బ్యాచి గ్రూపు, ఊరి గ్రూపు, కులసంఘము గ్రూపు, బెంగుళూరులో పనికి పోయినవారి గ్రూపు, అపార్టుమెంటు గ్రూపు. ఒక్కొక్కనికి ఎన్ని గ్రూపులో వానికే తెలియదు. బ్లాగు వ్రాయువాడు టపా ముగించిన క్షణముననే లింకును వీటన్నిటియందును జల్లి నిద్రపోవును. తెల్లవారి చూచిన, శుభోదయపు పూవులకును ప్రసాదపు ఫోటోలకును నడుమ ఆ లింకు ఎక్కడనో మునిగియుండును, క్రింద నాలుగు బొటనవ్రేళ్లు, రెండు నమస్కారములు. మా దిక్కున పెండ్లి పిలుపునకు మర్యాద యొకటి కలదు: ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి, "మీరు తప్పకుండా రావాల" అని చెప్పినదే పిలుపు, తలుపు సందున త్రోసి పోయిన శుభలేఖను మావారు పిలుపుగా లెక్కింపరు. గ్రూపులలో జల్లిన లింకు ఆ తలుపుసందు శుభలేఖయే. 2018 జూలైలో, పుకార్లు ప్రాణములు తీయుచున్నవను కారణమున, మన దేశమున ఒక సందేశమును ఒకేమారు అయిదింటికి మించి ఫార్వర్డు చేయరాదని వాట్సాపు కట్టడి చేసినది. దానివలన పుకార్లు ఎంత తగ్గెనో గాని, బ్లాగరునకది మేలే చేసినది. ఏ అయిదుగురకు పంపవలెనని ఆలోచించు అవసరమైనను కలిగినది.

చదువరుల చెంతకు వ్రాతను చేర్చు శ్రమ మన తరముతో పుట్టినది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను బొంబాయినుండి వెలువరించిరి. వేటపాలెమున సారస్వత నికేతన గ్రంథాలయము 1918లో వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పుస్తకముల పడవను నడిపిరి. వెలిగొండ ప్రాజెక్టు నీటికై ఏండ్లతరబడి ఎదురుచూచిన మా మెట్టప్రాంతమున కాలువ లేదు, పడవ లేదు. ఉన్నది రైలు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడువఱకు (ప్రకాశము పంతులుగారి పేరు దానికి 1972లో వచ్చినది) మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. కావున కచేరీ పనులు ఒంగోలునకు మారినను, వియ్యములు, వ్యాపారములు ఆ పాత జిల్లాలోని నంద్యాలను విడువలేదు. జిల్లా పేర నున్న గ్రూపులలో మా వ్రాతలకు పలుకువారు లేకపోవుటకును, గుంటూరు గుంతకల్లు రైలుమార్గము వెంబడి ఊరూర చదువరులు లేచుటకును కారణమిదియేనని గ్రహించుటకు నాకు కొంత కాలము పట్టినది.

దిగువమెట్టకును గాజులపల్లెకును నడుమ, నల్లమల కనుమలో, మీటరుగేజి రైలు దాటిన దొరబావి వంతెన కలదు. 1990ల దశకమున లైను బ్రాడుగేజిగా మారినప్పుడు పట్టాల దారి మార్చి దానిని విడిచిరి. ఆ వంతెనను గూర్చి టపా యొకటి వ్రాసి, చివర "వానకాలపు రాత్రులలో ఈ దారిని కాచినవారెవరు?" అని అడిగి, లింకును ఒక్క గ్రూపునకే, దొనకొండ రైల్వే కాలనీలో పెరిగినవారి గ్రూపునకు, అందులో సభ్యుడైన మిత్రునిచేత పంపించితిని. ఆ రాత్రియే వాయిస్ మెసేజి వచ్చినది. "మా నాయన గ్యాంగ్‌మనండీ. వానాకాలం వస్తే రాత్రిళ్లు లాంతరు పట్టుకొని, సంచీలో డిటొనేటర్లు వేసుకొని పట్టాల వెంబడి నడిచేవాడు. కొండరాయి దొర్లి పడిందేమో, మట్టి కోసుకుపోయిందేమో చూసుకుంటా పోవాల. తెల్లారి ఇంటికొచ్చినాక లాంతరు చిమ్నీ తుడిచి గూట్లో పెట్టిందాకా టీ ముట్టేవాడు కాదు." ఆయన అనుమతితో ఆ మాటలను, ఆయన యాసను దిద్దకయే, టపా క్రింద చేర్చితిని. మఱునాటినుండి వచ్చినవారు నా చదువరులు కారు, ఆ గ్యాంగ్‌మన్ కొడుకు పిలిచికొని వచ్చిన చదువరులు: గుంతకల్లులోని అక్క, బెంగుళూరులోని మేనల్లుడు, తండ్రితోపాటు పని చేసినవారి పిల్లలు. తమవాని ముచ్చట చూడవచ్చినవారు ప్రక్కనున్న కంభము చెఱువు టపాను కూడ చదివి పోయిరి. అదే చెఱువునకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారి వారసత్వ కట్టడ గౌరవము వచ్చినదని నేను పది గ్రూపులకు చాటినప్పుడు పలుకరించినవాడు లేడు.

ఇక పనితనపు సంగతులు కొన్ని. వాట్సాపున లింకుతో కనబడునది బొమ్మయొకటి, శీర్షిక, మహా అయిన ఒక వాక్యము; కావున టపాలో తొలి బొమ్మయు తొలి వాక్యమును చదువరిని లోనికి పిలుచునవై యుండవలెను. మార్కాపురపు పలకల గనిని గూర్చి వ్రాసినచో గని మొత్తపు దృశ్యముకంటె, ఉలి పెట్టి పొరను విడదీయుచున్న చేయి మేలు. అందఱికి ఒకే పాఠమును పంపక, ఎవనికి ఎందుకు పంపుచున్నామో ఒక్క ముక్క చేర్చవలెను. వ్యాఖ్య వచ్చినచో ఆ సాయంకాలమే బదులీయవలెను. బదులనగా ధన్యవాదములు కాదు, ఆయన చెప్పినదానిని పట్టుకొని మఱియొక ప్రశ్న. బ్లాగు లెక్కల పట్టికను నమ్మి క్రుంగరాదు, పొంగరాదు; వాట్సాపునుండి వచ్చినవాడు ఏ దారిన వచ్చెనో ఆ పట్టికలో తఱచు తెలియనే తెలియదు. అన్నిటికంటె ముఖ్యముగా, వారమున నాలుగు దినములైనను ఇతరుల వ్రాతలను చదివి, చదివినట్లు తెలియునట్లు పలుకరించవలెను. మా మేనల్లుని సలహా వేఱొకటి కలదు. "మామా, నీ వాక్యం మార్కాపురంలో మొదలుపెడితే అది అయిపోయేలోపు బస్సు గిద్దలూరు దాటిపోతుంది" అని వాడు నా వాక్యములను తెంచుమనును. ఫోను తెర చిన్నదని నేనును ఒప్పుకొందును గాని, నన్ను నన్నుగా ఎఱిగి వచ్చిన చదువరులకు నా నడకయే మార్చి చూపుట నాకు ఇష్టము లేదు. పేరాలను మాత్రము చిన్నవి చేసితిని.

ఇప్పుడు పోరుమామిళ్ల చెఱువు శాసనమును గూర్చి వ్రాయుచున్నాను. 1369 నాటి ఆ శాసనము, చెఱువు నిర్మాణమునకు పండ్రెండు అంగములు కావలెననియు, ఆఱు దోషములు కూడవనియు వరుసగా చెప్పును. ఈమారు టపా వెలువరింపకముందే చిత్తుప్రతిని కంభము చెఱువు క్రింద వరి పండించు రైతునకు ఫోనున పంపితిని. "అంతా బాగానే ఉంది గానీ సామీ, తూము సంగతి ఏం రాయలేదే? చెరువంటే తూమే గదా" అని ఆయన అడిగెను. శాసనమును మఱల ముందుంచుకొని కూర్చున్నాను. ఆదివారము పొలమునకు రమ్మనెను, తూము చూపునట.