నివురు కప్పాకే సాంబ్రాణి

వైనతేయ నది సముద్రంలో కలిసే ఓడలరేవులో గాలి నిండా తేమే. తలంటుకున్న జుట్టు ఓ పట్టాన ఆరదు. బాలింతకు తలంటు పోశాక సాంబ్రాణి ధూపం పట్టడం ఇలాంటి చోట ఎంతో అక్కరకొచ్చే పద్ధతి. కొబ్బరి చిప్పలు కాల్చి నిప్పులు చేస్తారు. చిప్పల పొగ పూర్తిగా పోయి, పైన తెల్లగా నివురు కప్పేదాకా ఆగి, అప్పుడు చిటికెడు సాంబ్రాణి పొడి చల్లుతారు. పైన బుట్ట బోర్లించి, జుట్టు దాని మీద పరుస్తారు.

పనితనమంతా ఆ ఆగడంలోనే ఉంది. కణకణలాడే నిప్పు మీద వేస్తే సాంబ్రాణి మండిపోయి మాడు కంపు కొడుతుంది. నివురు అడ్డుంటే వేడి మెల్లగా తగిలి, సాంబ్రాణి ముందు కరిగి, తర్వాత ఆవిరవుతుంది. సుమత్రా దీవిలో స్టైరాక్స్ చెట్ల బెరడుకు గాట్లు పెడితే కారి గట్టిపడే బంకే ఈ సాంబ్రాణి. ఇందులో బెంజోయిక్, సిన్నమిక్ ఆమ్లాలు, వాటి ఎస్టర్లు, కాస్త వనిలిన్ ఉంటాయి. ఆ తియ్యటి వాసన వీటిదే. బెంజోయిక్ ఆమ్లం 122 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మరిగేది 249 దగ్గరైనా, అంతకు చాలా ముందే ఆవిరై లేస్తుంది. పైన చల్లటి పళ్లెం అడ్డుపెడితే తెల్లటి సూదుల్లా పేరుకుంటుంది. 1833లో జర్మనీ శాస్త్రవేత్త మిచెర్లిష్ ఈ ఆమ్లాన్నే సున్నంతో కలిపి కాచి బెంజీన్ తీశాడు.

పరంగి సాంబ్రాణి సంగతి వేరు. అది అందుగు చెట్టు బంక. దాన్ని నీటి ఆవిరితో కాస్తే తేలికైన తైలం దిగుతుంది. అందులో ప్రధానంగా ఉండేది ఆల్ఫా థుజీన్. అరేబియా సాంబ్రాణి తైలంలోనైతే ఆల్ఫా పైనీన్‌ది పైచేయి. రెండూ పది కార్బన్ల హైడ్రోకార్బన్లే. ఓఎన్‌జీసీ గ్యాస్ టెర్మినల్ ఉన్న ఓడలరేవుకు హైడ్రోకార్బన్లంటే కొత్తేముంది! మన శేషాచలం కొండల్లోనూ అందుగు జాతి చెట్టే ఒకటుంది, కొండ సాంబ్రాణి. 1961లో శాస్త్రలోకానికెక్కిన ఆ చెట్టు ఆ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. బంక కోసం దాని బెరడు ఇష్టమొచ్చినట్టు చెక్కేయడం నాకు ప్రాణం ఉసూరుమనిపించే విషయం.

అందుగు బంకలో ఉండే, కీళ్లనొప్పులకు మంచివని పేరుపడ్డ బోస్‌వెల్లిక్ ఆమ్లాలు ఆవిరి పట్టి తీసిన తైలంలోకి దాదాపు రావు. అవి బరువైన అణువులు, బంకలోనే ఉండిపోతాయి. కాబట్టి తైలం సీసా మీద ఆ పేరు చూసి డబ్బు పోయొద్దు. ఇక చంటిపిల్ల సంగతి. ఎంత మంచి సాంబ్రాణి పొగైనా పొగే, అందులోని సన్నటి నుసి లేత ఊపిరితిత్తులకు పడదు. తల్లి జుట్టుకు ధూపం పట్టేటప్పుడు కిటికీలు బార్లా తెరిచి, పిల్లను పక్క గదిలో పడుకోబెట్టాలి. పిల్ల తల మెత్తటి పాత చీర గుడ్డతో అద్దితే చాలు, ఆరిపోతుంది.