కొలువు బొమ్మల అతుకులు: కొలతయు చాయయు

నవరాత్రులు సమీపించినవన్న మన యిండ్లలో అటకమీది పెట్టెలు క్రిందికి దిగును. వరిగడ్డిలోను పాతచీరల పేలికలలోను ఏడాది పొడవున పరుండియున్న బొమ్మలు వెలికివచ్చి మెట్లెక్కును. ఆంధ్రదేశమున కొన్ని తావుల ఈ కొలువును సంక్రాంతికి తీర్తురు. తరతరములుగా తమిళసీమలో నిలిచిపోయిన మనము నవరాత్రులకే తీర్చుచున్నాము. బోడినాయకనూరులో మన తెలుగువారి యిండ్ల కొలువులకు మేము చిన్నతనమున గుగ్గిళ్ల ఆశతో తల్లి కొంగు పట్టుకొని తిరిగినవారము. ఇప్పుడు అరువది యేండ్లు దాటిన పిమ్మట గుగ్గిళ్లు నమలు శక్తి తగ్గినది. బొమ్మలను నిలిచి చూచు తీరిక పెరిగినది. అట్లు చూచి చూచి మాకు కలిగిన అభిప్రాయమును ఈ సంచిక చదువు సోదరసోదరీమణులకు విన్నవించుచున్నాము. అందు కొంత పరుషముగా తోచినచో మన్నింపవలెను. ఆ పరుషత్వమున మొదటి పాలు మాకే చెందునని ముందుముందు తెలియగలదు.

మా ఫిర్యాదు అతుకు బొమ్మలను గూర్చి. పాతబొమ్మ చేయి విరిగినచో వేరొక బొమ్మ చేయి తెచ్చి అతుకుదురు. తల పగిలినచో మరియొక తల నిలుపుదురు. రెండు విరిగిన బొమ్మలనుండి ఒక నిండుబొమ్మను తీయుదురు. ఈ పనిని మేము నిందించుట లేదు. పెద్దలు కూడబెట్టిన బొమ్మను పెంటకుప్పపై వేయుటకంటె అతికి నిలుపుటయే మేలు. అయితే అతికినవారు ఒక్క క్షణము దూరముగా నిలిచి చూడకపోవుటచేత మన కొలువులలో విచిత్రములు పుట్టుచున్నవి. నీలిమోము కృష్ణునకు గులాబివన్నె చేతులు చూచినాము. అంగడి తెరచి కూర్చున్న శెట్టిగారి మొండెముపై ఆయన భుజములంత వెడల్పుగల తల చూచినాము. ప్రాకుచున్న బాలకృష్ణునకు పెండ్లికుమారుని శిరస్సు పెట్టగా, ఆ శిశువు మీసములేని మరుగుజ్జువలె కనుపట్టినాడు. చూచినవారు నవ్వుకొని పోదురు. ఆ యింటివారికి మాత్రము ఎవ్వరును చెప్పరు.

అతుకుట బొమ్మలకు క్రొత్త కాదు. కొండపల్లిలో ఆర్యక్షత్రియులు చేయు బొమ్మలు ఏకఖండములు కావు. తేలికయైన తెల్లపొణికి కర్రతో తల, మొండెము, చేతులు వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో వానిని కూర్తురు. ఆ మక్కుతోనే సందులు పూడ్చి, పైన సుద్ద పూసి, ఆరిన తరువాత రంగులు దిద్దుదురు. కావున అక్కడి కల్లుగీత కార్మికుడైనను, అంబారీమీది రాజైనను అతుకులమయమే. మన తంజావూరు నర్తకి సంగతి ఇంకను స్పష్టము. పీఠముతో కూడిన కాళ్లు, పావడ, చేతులతో కూడిన మొండెము, తల వేర్వేరు భాగములు. అవి ఒకదానిపై నొకటి తీగ ఆధారమున నిలిచి, తాకినంతనే ఊగును. ఈ బొమ్మలలో అతుకు దోషము కాదనియు, సొగసంతయు అతుకు కుదురుటయందే యున్నదనియు దీనివలన తేలుచున్నది. ఒకే చేయి, ఒకే కొలత, ఒకే రంగుగిన్నె పనిచేయుటచేత ఆ భాగములు ఒక్క ప్రాణివలె నుండును. వేర్వేరు చేతుల పనిని మనము కలుపునప్పుడు ఆ మూటిని మనమే సమకూర్చుకొనవలెను.

మేము ఏలకుల మండీలో గుమాస్తాగా చాల యేండ్లు లెక్కలు వ్రాసినవారము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది గనుక శిల్పశాస్త్రమున పాండిత్యము చెప్పుకొనజాలము. అయినను మండీ మాకొక పాఠము నేర్పినది. ఏలకులను మొదట జల్లెడపట్టి గింజ లావునుబట్టి వేరుచేయుదురు. 8 మిల్లీమీటర్ల గింజ యొక రాశి, 7 మిల్లీమీటర్లది వేరొక రాశి. పిమ్మటనే పగటివెలుగులో పచ్చదనమును పరిశీలింతురు. లావులు కలిసిపోయిన రాశిలో రంగు ఎంత బాగున్నను కన్ను తృప్తిపడదు. బొమ్మల విషయమునను క్రమము ఇదియే: కొలత ముందు, చాయ తరువాత. మనవారు చాయకై రంగుడబ్బాలు వెదకుచు కొలతను మరచుచున్నారు. కొలత తప్పిన తలకు ఎంత చక్కని రంగు వేసినను అది పరాయితలగానే నిలుచును.

కొలతకు మన పెద్దలు తాళమానమను పద్ధతిని ఏర్పరచినారు. తాళమనగా అరచేయి. మణికట్టునుండి నడిమివ్రేలి కొనవరకు గల పొడవు ముఖము పొడవుతో సమానము. దానిని 12 అంగుళములుగా భాగింతురు. ఈ అంగుళము మన స్కేలుమీది అంగుళము కాదు, ఆ విగ్రహమునకే చెందిన అంగుళము. నవతాళ ప్రతిమకు మొత్తము 108 అంగుళములు: ముఖము 12, కంఠము 4, కంఠమునుండి రొమ్మువరకు 12, రొమ్మునుండి నాభివరకు 12, నాభికి దిగువ 12, తొడలు 24, మోకాలు 4, పిక్కలు 24, పాదము 4. ఉత్తమ దశతాళమున 124 అంగుళములు వచ్చును. వినాయకునకు 5 తాళములు చాలును. శిశువులకును తాళములు తక్కువ. అనగా శిశువు దేహముతో పోల్చినప్పుడు తల పెద్దది. పైన చెప్పిన బాలకృష్ణుడు చెడిపోవుటకు కారణము ఇదియే.

కొలువు బొమ్మలు చేయువారు 108 లెక్కించి చేయుదురని మేము చెప్పము. చిన్నబొమ్మలో ముఖము కనబడవలెనని తల కొంచెము పెద్దది చేయుట కలదు. కావున శాస్త్రపు అంకెలకంటె శాస్త్రపు ఉపాయము మనకు పనికివచ్చును. ఆ బొమ్మ ముఖమే ఆ బొమ్మకు కొలబద్ద. చేయి పోయినచో ముఖము పొడవును దారముతో కొలిచి, తెచ్చుకొన్న చేయి అరచేత పెట్టి చూడవలెను. తల పోయినచో మిగిలిన అరచేయి ఎంత తల తేవలెనో చెప్పును. జతగా నున్న బొమ్మయైనచో మిగిలిన రెండవబొమ్మ చెప్పును. ఒక్క దారపుముక్కతో తీరు పనికి మన యిండ్లలో ఇంత అపహాస్యము జరుగుట విచారకరము.

ఇక చాయ. రంగు కలుపుటలో కన్ను మనలను మోసగించు మార్గములు కొన్ని గలవు. రాత్రి దీపము క్రింద సరిపోయిన రంగు పగలు సరిపోదు. పసుపుపచ్చని దీపమొక విధముగాను, తెల్లని దీపమొక విధముగాను చూపును. కొలువు పగలును రాత్రియు నిలుచునది గనుక ఉదయపు నీడవెలుగులోనే రంగు కుదుర్చుకొని, పిదప దీపమున చూడవలెను. తడిరంగును నమ్మరాదు: నీటితో కలిపిన సుద్దరంగు ఆరిన పిమ్మట తెల్లబడును, ఈనాటి యాక్రిలిక్ రంగు ఆరిన పిమ్మట ముదురును. కాగితపు ముక్కపై పూసి ఆరనిచ్చి, ఆ ముక్కను పాతభాగము ప్రక్కన పెట్టి చూచుట ఉత్తమము. చామనచాయ కావలెనని పసుపులో నలుపు పోసినచో పచ్చదనము దిగి, బొమ్మ రోగివలె తోచును. తెలుపు, పసుపు, కావి కలిపి, ముదురుటకు నీలిని సూదిమొనతో చేర్చినచో ప్రాణముగల చాయ వచ్చును. అతుకును దండకడియము క్రిందికో కంటె క్రిందికో తెచ్చినచో కొద్దిపాటి భేదమును నగ కప్పివేయును.

తిరుపతి ఎర్రచందనపు దంపతుల విషయము వేరు. ఆ కర్ర యేండ్లు గడచినకొలది నల్లబడును. పాతరాజునకు క్రొత్త కర్రతో చేయి అతికినచో అది కొన్నాళ్లు లేతగా కనబడుట సహజము. దానిని సరిచేయవలెనని రాజునకు ఆపాదమస్తకము వార్నీషు కొట్టినవారిని ఎరుగుదుము. ఏమియు చేయక ఊరకుండుటయే అచ్చట పనితనము.

ఇంతవరకు ఇతరులను విమర్శించినాము. ఇక మా అపరాధము. మా గృహిణికి ఆమె అమ్మమ్మ యిచ్చిన తంజావూరు నర్తకి యొకతె మా యింట కలదు. సామాన్యముగా ఈ బొమ్మలు తెల్లని మోముతో వచ్చును. ఇది మాత్రము నిండు చామనచాయ. ఎవరు అట్లు వేసిరో, ఎవరు కోరి వేయించిరో చెప్పువారు లేరు. 2019 నవరాత్రులలో మెట్టు జరుపుచు మేమే ఆ బొమ్మ తలను నేలపాలు చేసితిమి. మధురకు పోయి, పావడ అంచు విరిగి చవుకగా అమ్ముచున్న మరియొక నర్తకిని తెచ్చి, దాని తలను దీనికి నిలిపితిమి. తల వ్రేలెడు పెద్దది, బరువును హెచ్చు. ఊగుట మాని, ఒక ప్రక్కకు వాలి నిలిచినది. అది చాలదన్నట్లు ముఖము పాలవలె తెలుపు, మొండెము చామనచాయ. అప్పుడు మాకొక దుర్బుద్ధి పుట్టినది. చిన్న తలకు రంగు వేయుటకంటె మొండెమునకును చేతులకును తెల్లరంగు వేయుట సులభమని తోచి, ఒక్క మధ్యాహ్నములో ఆ పని ముగించితిమి. చూడవచ్చినవారు, "క్రొత్తబొమ్మా? బాగున్నదే!" అనిరి.

మా గృహిణి మాత్రము, "అది మా అమ్మమ్మ చాయండీ. మీరు గోడకు వేసినట్లు వెల్ల వేసినారే!" అని లోపలికి పోయినది. మరునాడు మా మనుమరాలు, చామనచాయ పిల్ల, బొమ్మ ముందు చాల సేపు నిలిచి, "తాతా, ఈ అమ్మ మునుపు నా రంగుగా ఉండె గదా! ఆ రంగు బాగులేదా?" అని అడిగినది. మాకు ఉత్తరము తోచలేదు. అరువది యేండ్లలో ఎన్నో పెండ్లిచూపుల కూటములలో కూర్చుండి, పిల్ల చాయ తక్కువయని పెద్దలు గొణుగగా విని, కాదనక తల ఊపిన మాకు, ఆ ప్రశ్న బొమ్మను గూర్చి మాత్రమే అడిగినదిగా వినబడలేదు.

ఆ దినమునుండి మన కొలువులలో అతికిన బొమ్మలను వేరొక కంటితో చూచుచున్నాము. అతికిన ప్రతిబొమ్మయు తెల్లబడుచున్నదే గాని, నల్లబడినది ఒక్కటియు లేదు. రెండు భాగముల చాయలు కలియనప్పుడు తెల్లనిదే సరియైనదని మన చేయి తనంతట నిర్ణయించుచున్నది. ఇది రుచి కాదు, అలవాటైన అవివేకము. మన పురాణములకును ఇది సమ్మతము కాదు. రాముడు శ్యాముడు. ద్రౌపదికి కృష్ణ యను నామము ఆమె మేనిచాయనుబట్టియే వచ్చినది. అర్జునునకును కృష్ణుడను పేరు కలదు. పాండవసభను పాలమీగడవలె తెల్లగా దిద్దిన కొలువు చూడ ముచ్చటగా నుండవచ్చునేమో గాని అందు ద్రౌపది యుండదు.

విరిగినదానిని ఉంచుటయే తప్పని, ఖండితప్రతిమ ఇంట ఉండరాదని కొందరు పెద్దలు చెప్పుదురు. పూజలో నుంచు విగ్రహమునకు ఆ నియమము తగును. శెట్టిగారికిని, నర్తకికిని, పెండ్లి ఊరేగింపులోని బాకాలవానికిని అది ఎందులకు? మరికొందరు, మధుర చెంతనున్న విళాచ్చేరిలో క్రొత్త మట్టిబొమ్మలు కావలసినన్ని దొరకుచుండగా ఈ శ్రమ యేలయని అందురు. క్రొత్తవి కొనవలసినదే, ఆ కుమ్మరుల పని నిలువవలసినదే. అయితే క్రొత్తబొమ్మ వచ్చుటకు పాతబొమ్మ పోనక్కరలేదు. మెట్లు ఏడు చాలనిచో తొమ్మిది కట్టుకొందము.

మా నర్తకి సంగతి చెప్పి ముగింతుము. వేసిన రంగును గీకబోగా పాతరంగును ఊడివచ్చినది గనుక ఆ పని మానితిమి. పావడ తొలగించి చూడగా, క్రింద దాగిన కాళ్లకు మా కుంచె తగులలేదు. గాలివెలుగులు సోకని ఆ చాయ చెక్కుచెదరక యున్నది. దానిని మాదిరిగా పెట్టుకొని, ఎనిమిది కాగితపు ముక్కలు పాడుచేసి, తొమ్మిదవదానితో తలకును మొండెమునకును చేతులకును చామనచాయ వేసితిమి. తల మాత్రము పెద్దదియే. ఇప్పటికిని సరిగా ఊగదు. తగిన తల కొరకు దారపుముక్కను చొక్కాజేబులో పెట్టుకొని తిరుగుచున్నాము. పూర్వపు చాయకు దగ్గరగా వచ్చితిమే గాని, పూర్వపు చాయ రాలేదని మా గృహిణి తీర్పు. ఆ తీర్పుపై మేము అప్పీలు చేయలేదు.

క్రొత్తభాగమును పాతబొమ్మకు తగినట్లు మార్చవలెను. క్రొత్తభాగము కొరకు పాతబొమ్మను మార్చరాదు. ఇదియే మేము నేర్చిన నియమము. మన మాటలో తమిళపు పలుకులు ఎన్నో అతుకుకొనియున్నవి. పండితులు వానిని చూచి నవ్విన నవ్వవచ్చును. అతుకు కనబడుట తప్పు కాదు. వాని కొరకు మొండెమునకే రంగు మార్చుకొందుమా యనునదియే మనము చూచుకొనవలసిన సంగతి. రాబోవు నవరాత్రులలో పెట్టె తెరచినప్పుడు, కుంచె తీయుటకు ముందు, బొమ్మ పావడ క్రింద ఒక్కమారు చూడుడని సంఘ కుటుంబములను ప్రార్థించుచున్నాము.