చీనా శృంగార నవల: ఆయుర్దాయపు లెక్క

చీనా నవలా సాహిత్యంలో భారతదేశపు సన్యాసి ఒకడు విచిత్రమైన చోట మనకు తటస్థపడతాడు. ‘జిన్ పింగ్ మెయ్’ నవలలో 49వ అధ్యాయం అది. పై అధికారులకు విందు చేసి సాగనంపిన షీమెన్ చింగ్ అనే వర్తకునికి ఒక బౌద్ధాలయంలో ఈ సన్యాసి కనిపిస్తాడు. తనది ‘తియెన్ జూ’, అనగా హిందూదేశమని చెప్పుకొంటాడు. అతడు చెప్పే వనం పేరూ, కొండ పేరూ పచ్చి శ్లేషలు. షీమెన్ ఇంట మాంసం తిని, మద్యం త్రాగి, వెళ్ళబోతూ ఒక నూరు పైచిలుకు మాత్రలు చేతిలో పెడతాడు. పూటకు ఒక్కటే వేసుకోవాలి, ఘాటైన సారాయితో మింగాలి, మితి మీరరాదు. ఇంతకూ ఆ మందు పుట్టుక ఏమిటంటే, లావోత్సు దేవుడు పుటం పెట్టినదట, పడమటి రాజమాత యోగం చెప్పినదట. వారిద్దరూ తావో మతస్థుల దేవతలు. మందు తావో మతానిది, అమ్మకందారు బౌద్ధుడు, అందునా మన దేశస్థుడు!

ఇది గ్రంథకర్త పరాకు కాదని నా అభిప్రాయం. మింగ్ యుగాంతపు చీనా శృంగార నవలకు నీతి బౌద్ధం ఇచ్చింది, గణితం తావో ఇచ్చింది. ఈ రెండింటినీ ఒకే సంచిలో మోసుకొని తిరిగేవాడు ఈ సన్యాసి. ఆ గణితం తెలియనివానికి ఈ నవలలు వట్టి బూతులుగానో, బూతులకు తగిలించిన నీతికథలుగానో కనిపించక తప్పదు.

కొక్కోకం ఎరిగిన మన పాఠకులు చీనావారి శయ్యాశాస్త్రాలు కూడ అటువంటివే అనుకోవచ్చును. కాని వాటి పుట్టుకే వేరు. కామాన్ని మనవారు పురుషార్థంగా ఎంచి, ధర్మార్థాల ప్రక్కన కూర్చుండబెట్టి శాస్త్రం వ్రాసినారు. చీనాలో అది వైద్యం. ‘హాన్ వంశ చరిత్ర’లోని గ్రంథసూచి ఈ విద్యకు చెందిన ఎనిమిది గ్రంథాలను వైద్యగ్రంథాల సరసన, అమరత్వ సాధనల ప్రక్కన చేర్చినది. 1973లో చాంగ్‌షా వద్ద మావాంగ్‌దుయి సమాధిని త్రవ్వగా వెదురు పలకల మీద వ్రాసిన ఇటువంటి పాఠాలు బయల్పడినవి. ఆ సమాధిని మూసినది క్రీ.పూ. 168లో. తరువాతి కాలపు ‘సూ ను జింగ్’ వంటివి స్వదేశంలో అంతరించగా, జపానులో 984లో తంబా యసుయోరి సంకలనం చేసిన వైద్యగ్రంథం వాటి భాగాలను కాపాడినది. అంటే అవి నిలిచినదీ వైద్యుని పెట్టెలోనే.

ఈ వైద్యానికి మూలసూత్రం సులభం. మనిషితో పుట్టిన సారధాతువు ఒకటి ఉన్నది, దానిని ‘జింగ్’ అంటారు. అది తరిగితే ఆయువు తరుగుతుంది. సంగమంలో దానిని వెచ్చించక నిలిపి, వెనుకకు మరల్చి, మెదడుకు చేర్చగలవాడు దీర్ఘాయుష్మంతుడు. ఎదుటివారి సారాన్ని కూడ గ్రహించగలిగితే మరింత లాభం. ఊర్ధ్వరేతస్సును గూర్చి వినియున్న మనకు ఇందులో సగం పరిచితమే. మన యోగి అంగడికే పోవద్దన్నాడు. చీనా వైద్యుడు అంగడికి పొమ్మన్నాడు గాని మూట విప్పవద్దన్నాడు. తేడా అంతా అక్కడ ఉన్నది.

తావో మతమంతా ఈ విద్యనే బోధించినదనుట మాత్రం అన్యాయం. నాలుగవ శతాబ్ది రసవాది గె హోంగ్, ఇది చిన్న రుగ్మతలను తొలగించునే గాని దీనితో మాత్రమే అమరత్వం సిద్ధించదని హెచ్చరించినాడు. పన్నెండవ శతాబ్దిలో పుట్టిన చువాన్‌జెన్ శాఖ తన సన్యాసులకు బ్రహ్మచర్యాన్నే విధించినది. అయితే లోకం మతంలో తనకు పనికివచ్చిన భాగాన్నే ఏరుకొంటుంది. మింగ్ చక్రవర్తులలో జియాజింగ్ (1521-1567) తావో సాధకులను కొలువులో పెట్టి, కన్యల రజస్సు కలిపిన గుళికలు సేవించినాడు. 1542లో అంతఃపుర పరిచారికలు కొందరు ఆయన నిద్రలో ఉండగా ఉరిబిగించి చంపజూచినారు. 1620లో తైచాంగ్ చక్రవర్తి సింహాసనమెక్కిన నెలలోనే ఎర్రమాత్రలు మ్రింగి మరణించినాడు. శయ్యావిద్య చెప్పి పదవులు సంపాదించిన వారిని చూచి లోకానికి సిగ్గు పోయినదనీ, ఆ గాలి సాహిత్యానికీ తగిలినదనీ లూ షున్ తన చీనా కథాసాహిత్య చరిత్రలో అన్నాడు. ఆ కారణం సరియైనదే. కాని నవలాకారుడు ఆ గాలిని పీల్చి ఏమి చేసినాడన్నదే విమర్శకుని ప్రశ్న.

చిన్న రచయితలు చేసినది స్వల్పం. ‘జూలిన్ యేషీ’లో నాయికకు స్వప్నంలో సిద్ధుడొకడు కనిపించి విద్య ఉపదేశిస్తాడు. ‘జావోయాంగ్ చూషీ’లో నక్క పురుషుల సారాన్ని పీల్చి సిద్ధి పొందజూస్తుంది. వీరికి తావో ఒక మంత్రదండం, అంతకంటె ఏమీ కాదు. ఒక్కటి మాత్రం వీరు సరిగా పట్టుకొన్నారు: లెక్క రెండువైపులా నడుస్తుందని. పడమటి రాజమాత యువకుల సారంతోనే సిద్ధి పొందినదని ప్రాచీన పాఠాలే చెప్పుచున్నవి. స్త్రీని గని అనుకొని త్రవ్వబోయినవాడే గని కావచ్చును.

‘జిన్ పింగ్ మెయ్’ కర్త ఈ లెక్కను నవలకు వెన్నెముకగా చేసినాడు. ఆయన అసలు పేరు నేటికీ తేలలేదు. లాన్‌లింగ్ ఊరి పరిహాసకుడని మారుపేరు పెట్టుకొన్నాడు. 1596 నాటికి వ్రాతప్రతులు చేతులు మారుతుండినవి. లభించిన మొదటి అచ్చుప్రతిలోని పీఠిక 1617 నాటిది. నూరు అధ్యాయాల ఈ గ్రంథంలో షీమెన్ మొదట మందుల దుకాణదారుడన్న సంగతి మరువరాదు. ధాతువు తరుగుదల సంగతి ఎరిగియుండవలసినవాడు మరొకడు లేడు. సన్యాసి వచ్చిన అధ్యాయంలోనే అతడు ఉప్పు వర్తకపు అనుమతులను తక్కిన వర్తకులకంటె ముందు విడిపించుకొంటాడు. ధనం వచ్చే ద్వారమూ, ప్రాణం పోయే ద్వారమూ ఒకేనాడు తెరచుకొన్నవన్నమాట.

మాత్ర మహిమను పరీక్షించే తొందరలో, ఋతుకాలమని లీ పింగ్‌అర్ వారించినా అతడు వినడు. ఆమె వ్యాధికి అదే బీజం. 62వ అధ్యాయంలో తావో పురోహితుడొకడు వచ్చి ఆమె ప్రాణానికై 27 దీపాలు వెలిగిస్తాడు. ఆమె వయసు ఇరువదియేడు. గాలి కొట్టి దీపాలన్నీ ఆరిపోతవి. ఇక ఆమె గదిలోనికి పోవద్దు, నీకు కీడు అని పురోహితుడు షీమెన్‌కు చెబుతాడు. షీమెన్ పోతాడు. తాను చచ్చినా సరే ఈమెను విడువలేనని పోతాడు. నవల మొత్తం మీద ఇతడు లెక్క చూచుకోకుండా చేసిన పని ఇది ఒక్కటే. ఈ ఘట్టం చదివినప్పుడెల్లా ఈ దుర్మార్గుని మీద నాకు జాలి కలుగుతుంది. ఆ జాలి పుట్టించినవాడు బూతుకథకుడు కాడు.

79వ అధ్యాయంలో మాత్రలు నాలుగు మిగిలినవి. షీమెన్ వేరొకచోట నుండి తప్పత్రాగి వచ్చి పడుకొన్నాడు. పాన్ జిన్‌లియెన్ ఒకటి తాను మ్రింగి, మూడు అతని నోట వేస్తుంది. పూటకు ఒక్కటే అన్న సన్యాసి మాటను పాఠకుడు ముప్పది అధ్యాయాలుగా గుర్తుంచుకొని యున్నాడు గనుక, ఇక వేరే పిడుగు పడనక్కరలేదు. షీమెన్ ముప్పదిమూడేండ్లకే పోతాడు. పోయేముందు అల్లుని పిలిచి పట్టు దుకాణంలో 50,000 లియాంగుల వెండి పెట్టుబడి ఉన్నదని మొదలుపెట్టి, ఎవరికి ఎంత ఇవ్వవలెనో, ఎవరి నుండి ఎంత రావలెనో వరుసగా ఒప్పజెబుతాడు. వెండి లెక్క తప్పలేదు. ఆయువు లెక్కే తప్పినది. అతని ప్రాణం పోయే వేళకే భార్యకు కుమారుడు పుడతాడు. తండ్రి ఆత్మయే మరల వచ్చినదనీ, ఆ బాలుడు సన్యాసి కావలసియున్నదనీ తుది అధ్యాయంలో తెలుస్తుంది. ఆ భాగం బౌద్ధుల కర్మసిద్ధాంతం. నాకు అది తరువాత అతికించిన అంచువలె కనిపిస్తుంది, 79వ అధ్యాయం మాత్రం నేతలోనే ఉన్నది.

లీ యూ పేరట చెల్లుచున్న ‘రో పూ తువాన్’ (1657) వేరు ధోరణి. మొదటి అధ్యాయంలోనే కథకుడు స్త్రీసంగమాన్ని ఘాటైన మూలికలతో పోల్చి, ఔషధంగా సేవించవలెను గాని అన్నంవలె భుజించరాదంటాడు. పాత వైద్యసూత్రమే, కాని నవ్వుతూ చెప్పినది. నాయకుడు తుదకు తన్ను తాను నపుంసకుని చేసికొని భిక్షువౌతాడు. ఇంత తెలివిగల రచయిత పాత్రలను పాచికలవలె కదిపినాడే అని నాకు అసంతృప్తి. దీపాలు ఆరిన గదిలోనికి పోయేవాడు ఆ నవలలో ఒక్కడూ లేడు.

ఈ విద్యను గూర్చి ఆధునికులలో లోతుగా పరిశోధించిన డచ్చి దౌత్యవేత్త రాబర్ట్ వాన్ గూలిక్, 1951లో టోకియోలో ఏబది ప్రతులు మాత్రమే అచ్చువేసిన గ్రంథంలో దీనిని ఒక విధమైన పిశాచవృత్తిగా వర్ణించినాడు. జోసెఫ్ నీధాం ఆక్షేపించగా 1961 నాటి గ్రంథంలో ఆ మాటను ఉపసంహరించుకొన్నాడు. అదే గ్రంథపు అనుబంధంలో ఈ సాధన చీనా నుండి మన తంత్రాలలోనికి వచ్చినదని వాదించినాడు. తారోపాసన నేర్వ వసిష్ఠుడు మహాచీనకు పోయినాడన్న కథ తంత్రగ్రంథాలలో ఉన్నమాట నిజమే. అంతమాత్రాన దారి ఒకవైపే నడచినదని తేల్చుట కష్టం. మనవారు రహస్యవిద్యను చీనాకు ఆపాదించినారు, చీనా నవలాకారుడు మన సన్యాసికి ఆపాదించినాడు. ఎవరికైనను ఇటువంటి మందు పొరుగుదేశం నుండి రావడమే మర్యాద కాబోలు.

ఇక అనువాద సమస్య. 1939లో క్లెమెంట్ ఎగర్టన్ ఈ నవలను ఇంగ్లీషులోనికి తెచ్చినప్పుడు శయ్యాఘట్టాలను లాటిన్‌లో వ్రాసినాడు. డేవిడ్ టాడ్ రాయ్ అయిదు సంపుటాల అనువాదం 2013లో పూర్తికాగా అందులో ఏదీ దాచలేదు. తెలుగు చేయబూనినవారికి మొదట తోచేది కత్తిరింపు. రాధికాసాంత్వనాన్ని 1887లో కత్తిరించి అచ్చువేయగా, పూర్ణపాఠాన్ని వెదకి తెచ్చి 1910లో ప్రకటించుటకు బెంగుళూరు నాగరత్నమ్మ పూనుకోవలసివచ్చినది. ఆ అనుభవం మనకున్నది. ‘జిన్ పింగ్ మెయ్’లో కత్తిరిస్తే నష్టం ఇంకా పెద్దది. మాత్రల ఖర్చు ఆ ఘట్టాలలోనే వ్రాసియున్నది. వాటిని తీసివేస్తే 79వ అధ్యాయంలో మిగిలేది పాపికి దేవుడు వేసిన శిక్ష, అదేమో గ్రంథకర్త వ్రాయలేదు.

కత్తిరించరాదని నిశ్చయించుకొన్న తరువాత కూడ ఒక చిన్నమాట వద్ద కలం ఆగుతుంది. ‘జింగ్’ను తెలుగులో ఏమనవలెను? ఓజస్సు అంటే వైద్యం నిలుస్తుంది, పడకగది పోతుంది. శుక్రమంటే పడకగది మాత్రమే నిలుస్తుంది. వీర్యమన్నది మేలు. పరాక్రమమనే అర్థం కూడ దానికి ఉన్నందున, సంగమాన్ని యుద్ధంగా, ఎదుటివారిని శత్రువుగా చెప్పే ఆ శాస్త్రాల పరిభాష కూడ దానితో కలిసివస్తుంది. కాని చీనా వైద్యుని లెక్కలో జింగ్ స్త్రీకీ ఉన్నది. మూడు మాత్రలు అతనికి వేసి ఒకటి తాను మ్రింగిన పాన్ జిన్‌లియెన్‌కు వీర్యమన్న మాట అతకదు.